నిఘంటువులో కూలిన గుడి, ఎండిన వాగు మీద వంతెన

ఉర్దూని మన ఊళ్ళలో పాతతరం వాళ్ళు ఇప్పటికీ "తురకం" అంటారు. తమాషా ఏంటంటే ఉర్దూకి తుర్కీ భాషలతో రక్తసంబంధం లేదు, అది హిందీకి తోడబుట్టింది. కానీ "ఉర్దూ" అనే పేరు మాత్రం అచ్చ తుర్కీ మాట. 11వ శతాబ్దంలో మహమూద్ కాష్‌గరీ అనే ఆయన రాసిన నిఘంటువులో "ఓర్దు" అనే మాట ఉంది. రాజు నివాసం ఉండే చోటు అని అర్థం చెప్పి, అందుకే కాష్‌గర్ పట్నాన్ని ఓర్దుకంద్ అంటారని ఒక ముక్క కలుపుతాడు. రాజు గుడారం పడిన చోటు, ఆ గుడారం చుట్టూ దిగిన సైన్యం, ఆ సైన్యం బజారు, ఆ బజారులో మాట్లాడుకునే భాష. అలా నడుచుకుంటూ మన దాకా వచ్చింది. తుపాకి కూడా ఆ దారినే వచ్చిందంటారు.

"తురక" మాట నడక ఇంకా విచిత్రం. ఒక జాతి పేరుగా బయల్దేరి, తెలుగులోకి వచ్చేసరికి ఒక మతం పేరు అయి కూచుంది. అరబ్బు అయినా, పఠాను అయినా, ఇక్కడే పుట్టి ఇక్కడే మతం మారిన దూదేకుల ఆయన అయినా మన నోట్లో అందరూ తురకలే. బడిలో తిట్టుగా కూడా వాడిన మాట అది. తుర్కు అంటే ముస్లిం, ముస్లిం అంటే తుర్కు అనే ఈ సమీకరణం మనకి ఎంత సహజంగా కనిపిస్తుందంటే, తుర్కులు కూడా ఒకప్పుడు ముస్లింలు కారని, వాళ్ళూ ఎక్కడో ఒక చోట మారారని, ఆ మారడం గురించి వాళ్ళు తమ భాషలో ఏదో రాసుకుని ఉంటారని తోచనే తోచదు.

రాసుకున్నారు. బాగా రాసుకున్నారు. నేను ఇక్కడ మూడు పుస్తకాల గురించి మాట్లాడదలుచుకున్నాను. కాష్‌గరీ నిఘంటువు "దీవాన్ లుగాత్ అత్-తుర్క్", యూసుఫ్ అనే కవి రాసిన "కుతద్గు బిలిగ్", ఎవరు అల్లారో తెలియని "దేదె కోర్కుత్" కథలు. మొదటి రెండూ 1070కి అటూ ఇటూ పుట్టినవి. మూడోదాని రాతప్రతులు 16వ శతాబ్దానివి, కథలు అంతకంటే చాలా పాతవి. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చదివితే, మధ్యయుగాల తుర్కు రాజ్యాల గురించీ ఇస్లాం వ్యాప్తి గురించీ మనం అలవాటుగా చెప్పుకునే రెండు కథలూ (కత్తి కథ ఒకటి, సూఫీ ప్రేమ కథ ఒకటి) ఎందుకు చాలవో తెలుస్తుంది.

ముందు నిఘంటువు.

ఇది దొరికిన తీరే ఒక కథ. 1910లలో ఇస్తాంబుల్ పాత పుస్తకాల బజారులో, అలీ ఎమీరీ అనే పుస్తకాల పిచ్చి ఉన్న పెద్దాయనకి ఒక రాతప్రతి కనిపించింది. కుట్టు ఊడి, పుటల వరస చెదిరిపోయి ఉంది. చేతిలో డబ్బు చాలక, ఈలోగా ఇంకెవరైనా కొనుక్కుపోతారన్న భయంతో అంగడివాణ్ణి లోపల పెట్టి తాళం వేసి అప్పు కోసం పరిగెత్తాడని చెప్పుకుంటారు. మొత్తానికి 33 లీరాలకి కొన్నాడు. అది 1266లో డమాస్కస్‌లో ఎత్తి రాసిన ప్రతి. ఇప్పటికీ ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క ప్రతే ఉంది. అది ఏ పచారీ కొట్లో పొట్లాలకి పోయినా కాష్‌గరీ మనకి లేడు.

కాష్‌గరీ ఈ పుస్తకం 1072లో బాగ్దాదులో మొదలుపెట్టాడు. ఆ ఊరూ ఆ ఏడూ రెండూ ముఖ్యమే. సెల్జూక్ తుర్కులు 1040లో దందానకాన్ దగ్గర గజనీ సైన్యాన్ని విరగ్గొట్టారు. 1055లో వాళ్ళ నాయకుడు తుగ్రిల్ బాగ్దాదులో అడుగుపెట్టాడు. 1071లో మంజికెర్ట్ దగ్గర బైజాంటిన్ చక్రవర్తినే బందీగా పట్టుకున్నారు. అంటే ఖలీఫా పీఠం మీద అరబ్బే ఉన్నాడు, పగ్గాలు మాత్రం ఈ మధ్యదాకా గొర్రెలు మేపుకున్న వాళ్ళ చేతిలోకి వచ్చాయి. ఆ దర్బారులో ఉన్నవాళ్ళకి కొత్త దొరల భాష రాదు. సరిగ్గా అప్పుడు తూర్పు తుర్కు రాజవంశం నుంచి వచ్చిన ఈయన, అరబిక్‌లో, అరబ్బుల నిఘంటు సంప్రదాయం ప్రకారం, తుర్కీ మాటలన్నీ వరస పెట్టి, సామెతలతో పాటలతో ఉదాహరణలిచ్చి, ఖలీఫాకి అంకితం ఇచ్చాడు.

ముందుమాటలో ఆయన చేసిన ఒక వాదన నాకు భలే ఇష్టం. తుర్కుల ఏలుబడి చాలాకాలం ఉంటుంది కాబట్టి వాళ్ళ భాష నేర్చుకోమని ప్రవక్త చెప్పాడట, ఆ హదీసు తనకి బుఖారా, నిషాపూరు ఇమాముల ద్వారా తెలిసిందట. సరే, ఇలాంటి మాట ఎవరైనా చెప్తారు. తర్వాత ఆయన అనేది చూడండి: ఈ హదీసు నిజమైతే తుర్కీ నేర్చుకోవడం మీ ధర్మం, నిజం కాకపోతే నేర్చుకోవడం మీ తెలివి. నిజమా కాదా అన్న పూచీ చెప్పినవాళ్ళది, నాది కాదు అని కూడా తప్పుకుంటాడు! భక్తుడే, సందేహం లేదు. కానీ దర్బారులో మసిలినవాడు. మతం పరిభాషలో రాజకీయం మాట్లాడుతూ, తను అదే చేస్తున్నానని ఎదుటివాడికి తెలిసినా ఫర్వాలేదనుకునే రకం.

ఈ నిఘంటువులో నేను ఎక్కువసేపు ఆగిపోయిన మాట "తెంగ్రి". ఇస్లాంకి ముందు తుర్కుల దేవుడి పేరు అది, ఆకాశం అని కూడా అర్థం. కాష్‌గరీ ముందు దేవుడు అనే అర్థం ఇస్తాడు. మహోన్నతుడైన మన దేవుడే. ఆ వెంటనే, ఈ అవిశ్వాసులు ఉన్నారే, ఆకాశాన్ని తెంగ్రి అంటారు, పెద్ద కొండనీ పెద్ద చెట్టునీ తెంగ్రి అంటారు, వాటికి మొక్కుతారు అని చెప్పి, ఇలాంటి దారితప్పడం నుంచి దేవుడే కాపాడాలి అని చెంపలేసుకుంటాడు.

మతం మారడం అంటే ఏమిటో చెప్పడానికి దీనికంటే మంచి చోటు నాకు ఇంకెక్కడా కనబడలేదు. మాట మారలేదు. అదే తెంగ్రి. కొండకి మొక్కిన తాతా, మసీదుకి వెళ్ళిన మనవడూ ఒకే మాటతో దేవుణ్ణి పిలుస్తున్నారు. మారింది ఆ మాట చుట్టూ గీసిన గీత. ఇక్కడి వరకూ దేవుడు, ఇక్కడి నుంచి తప్పు. ఆ గీతని కాష్‌గరీ నిఘంటువులోనే గీస్తున్నాడు, మన కళ్ళముందే. పైగా అవతలి వాళ్ళ అర్థాన్ని కొట్టిపారేయకుండా నమోదు చేస్తున్నాడు. భాషావేత్త చెయ్యి రాసుకుంటూ పోతోంది, ముస్లిం నోరు తౌబా చెప్తోంది.

ఇక్కడి దాకా చదివి, చూశారా ఎంత మెత్తగా జరిగిందో అనేసి పుస్తకం మూసేసేవాళ్ళు ఉంటారు. మూయకూడదు. ఎందుకంటే ఇదే నిఘంటువులో, ఇంకో మాటకి ఉదాహరణగా ఇచ్చిన ఒక పాట ఉంది. బౌద్ధులైన ఉయిగుర్ల మీద ముస్లిం తుర్కులు చేసిన దండయాత్ర గురించిన పాట. వరదలా వాళ్ళ ఊళ్ళ మీద విరుచుకుపడటం, గుళ్ళు కూల్చడం, చివర బుద్ధుడి విగ్రహం తల మీద మలవిసర్జన చేయడం. నాలుగు చిన్న పాదాలు. సిగ్గుపడుతూ రాసింది కాదు, గెలిచి పాడుకున్నది. పట్టుకున్న ఊళ్ళో విగ్రహాలని అలా అవమానించడం ముస్లింల ఆనవాయితీ అని కాష్‌గరీ తాపీగా వివరణ కూడా ఇస్తాడు. తెంగ్రి దగ్గర చెంపలేసుకున్న మనిషే.

ఈ పాటని ఏం చేయాలి? నాకు తెలిసిన ఉదారవాద మిత్రులు ఇలాంటివి ఎదురైతే పక్క దారిలో పోతారు. కాషాయ మిత్రులు ఇది దొరికితే ఫ్రేము కట్టించుకుంటారు. రెండూ సాహిత్యం చదివే పద్ధతులు కావు. నేను చేసిన పని, ఆ పాటలో దెబ్బతిన్న వాళ్ళు ఎవరా అని వెతకడం.

వాళ్ళూ తుర్కులే! అదే భాష, కాస్త యాస తేడా. తుర్ఫాన్, బెష్‌బాలిక్ పట్నాల్లో కొలువున్న బౌద్ధ ఉయిగుర్లు. పాడినవాళ్ళ తాతలూ వీళ్ళ తాతలూ ఒకే తెంగ్రికి మొక్కినవాళ్ళు. ఈ రెండు వైపులకీ మధ్య ఉన్న దూరం ఒకటి రెండు తరాల దూరం. సాతుక్ బుగ్రా ఖాన్ ఇస్లాం తీసుకుని చనిపోయింది 955 ప్రాంతంలో. 960లో రెండు లక్షల గుడారాల తుర్కులు ఒకేసారి ముస్లింలయ్యారని అరబ్బు చరిత్రకారులు రాశారు (గుడారాలు లెక్కపెట్టింది ఎవరో అడక్కండి). సరిగ్గా ఆ కాలానికి కాస్త అటూ ఇటూగా, బెష్‌బాలిక్‌లో షింగ్‌కో షెలి తుతుంగ్ అనే బౌద్ధ పండితుడు హ్యూయన్‌త్సాంగ్ జీవితచరిత్రని చైనీస్ నుంచి తుర్కీలోకి అనువాదం చేస్తున్నాడు. హ్యూయన్‌త్సాంగ్ అంటే మన ధాన్యకటకానికి వచ్చి, ఇక్కడి ఆరామాలు చూసి వెళ్ళిన అదే మనిషి. అంటే ఆ పాటలో కూలిన గుళ్ళు ఉన్న లోకంలో, తుర్కీ భాషలో, కృష్ణ ఒడ్డున నడిచి వెళ్ళిన మనిషి కథ కూచుని చదువుకున్నవాళ్ళు ఉన్నారు. తుర్కు అంటే ముస్లిం అనే మన సమీకరణానికి ఈ ఒక్క అనువాదకుడు చాలు.

ఆ తర్వాత కథ ఇంకా మెలి తిరిగింది. రాబోయే నాలుగైదు వందల ఏళ్ళలో ఆ బౌద్ధ ఉయిగుర్లూ మెల్లగా ముస్లింలయ్యారు. 20వ శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతపు ముస్లిం తుర్కులు "ఉయిగుర్" అనే పాత పేరుని తిరిగి తమ పేరుగా తీసుకున్నారు. కాష్‌గరీ వాళ్ళ జాతి మహాపండితుడు. అంటే ఆ పాట పాడినవాళ్ళకీ, ఆ పాటలో గుడి పోగొట్టుకున్నవాళ్ళకీ ఇవాళ వారసులు ఒకరే. నీ పూర్వీకుడు కొట్టినవాడా, కొట్టించుకున్నవాడా అని అడిగితే ఆ మనిషి ఏం చెప్పాలి? వంశవృక్షం పట్టుకుని పాత పగలు తేల్చుకుందామని బయల్దేరేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర కాసేపు కూచుంటే బాగుంటుంది.

సరే, పై స్థాయిలో ఖాన్‌లు మారారు, దండయాత్రలు జరిగాయి. గుడారంలో ఏం జరిగింది? దానికి ఒక ప్రత్యక్షసాక్షి ఉన్నాడు. 921-22లో ఖలీఫా పంపిన రాయబార బృందంలో ఒకడిగా వోల్గా వైపు పోతూ ఇబ్న్ ఫద్లాన్ ఓగుజ్ తుర్కుల మధ్యనుంచి వెళ్ళాడు. శుచీ శుభ్రం లేని మనుషులని ముక్కు మూసుకునే రాశాడు గానీ చూసింది చూసినట్టు రాశాడు. ఒక చిన్న నాయకుడు అంతకుముందే ఇస్లాం తీసుకున్నాడట. నువ్వు ముస్లింవైతే మాకు నాయకుడివి కావు అని తెగవాళ్ళు అనేసరికి వెనక్కి వచ్చేశాడట. ఇంకో చోట ఒక ఓగుజ్ దుబాసీని పట్టుకుని, మన దేవుడికి పెళ్ళాం ఉందా అని అడిగించాడు. ఇబ్న్ ఫద్లాన్ హడలిపోయి, అపచారం అపచారం అన్న ధోరణిలో దేవుణ్ణి తలుచుకుని క్షమాపణ వేడుకుంటే, అడిగినవాడు కూడా అచ్చం అలాగే అనేశాడు. ఏ దురుద్దేశమూ లేదు. పక్కవాడు ఏదో మంచి మాట అన్నాడు, మనమూ అందాం, అంతే.

ఈ ఓగుజ్‌ల సంతతే రెండు మూడు తరాల్లో సెల్జూక్‌లయ్యారు, తర్వాత ఒట్టోమాన్‌లయ్యారు. వాళ్ళ కథలే దేదె కోర్కుత్. డ్రెస్డెన్ ప్రతిలో 12 కథలున్నాయి. జెఫ్రీ లూయిస్ ఇంగ్లీషు అనువాదం పెంగ్విన్ వాళ్ళు 1974లో వేశారు. అన్నీ చదవలేకపోయినా ఐదో కథ, పిచ్చి దుమ్రుల్ కథ, తప్పకుండా చదవండి.

దుమ్రుల్ ఒక ఎండిపోయిన వాగు మీద వంతెన కడతాడు. వంతెన దాటినవాళ్ళ దగ్గర 33 వెండినాణేలు వసూలు చేస్తాడు. దాటనివాళ్ళని తన్ని 40 వసూలు చేస్తాడు. (మన టోల్‌గేట్లు గుర్తొస్తే నా తప్పు కాదు.) ఒకరోజు ఆ వంతెన దగ్గర దిగిన గుంపులో ఒక కుర్రాడు చచ్చిపోతాడు. ఎవడు చంపాడురా వీణ్ణి అని దుమ్రుల్ గుర్రమెక్కి వస్తాడు. అల్లా ఆజ్ఞ మీద అజ్రాయీల్ ప్రాణం తీసుకుపోయాడని చెప్తారు. ఎవడా అజ్రాయీల్? వాణ్ణి నాకు చూపించు దేవుడా, తేల్చుకుంటాను అంటాడు. దేవుడికి కోపం వచ్చి అజ్రాయీల్‌ని పంపిస్తాడు. దుమ్రుల్ కత్తి దూస్తే అజ్రాయీల్ పావురమై కిటికీలోంచి ఎగిరిపోతాడు. చూశారా పారిపోయాడు అని మనవాడు విరగబడి నవ్వి, డేగని పట్టుకుని వేటకి పోతాడు. అక్కడ గుర్రం బెదిరి కింద పడేస్తే అజ్రాయీల్ వచ్చి గుండెల మీద కూచుంటాడు. దుమ్రుల్ బతిమాలతాడు. నన్ను బతిమాలి లాభం లేదు, నేను పనివాణ్ణి, ప్రాణాలు ఇచ్చేదీ తీసేదీ దేవుడు అంటాడు అజ్రాయీల్. అయితే మధ్యలో నువ్వెందుకు, పక్కకి జరుగు, నేను ఆయనతోనే మాట్లాడుకుంటా అంటాడు దుమ్రుల్.

దేవుడికి ఆ మాట నచ్చుతుంది.

నీ బదులు ఇంకో ప్రాణం తెస్తే వదిలేస్తా అంటాడు. ముసలి తండ్రి ఇవ్వడు, తల్లి ఇవ్వదు. భార్య దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్తే ఆమె నా ప్రాణం తీసుకో అంటుంది. అప్పుడు దుమ్రుల్, తీస్తే ఇద్దరినీ తియ్యి, వదిలితే ఇద్దరినీ వదులు అని మొరపెట్టుకుంటాడు. దేవుడు ఆ ఇద్దరికీ 140 ఏళ్ళ ఆయుష్షు ఇచ్చి, అమ్మానాన్నల ప్రాణాలు తీసుకుంటాడు. మనకి సావిత్రి గుర్తొస్తుంది, ఆదిపర్వంలో ప్రమద్వర కోసం సగం ఆయుష్షు ధారపోసిన రురుడు గుర్తొస్తాడు. కానీ మన కథల్లో యముడెవరో అందరికీ తెలుసు. ఇక్కడ కథానాయకుడికి మృత్యుదేవత పేరే కొత్త. ఇస్లాం అతని ఊళ్ళోకి వచ్చేసింది, ఇంకా అతనికి పరిచయం చేయలేదు. కథంతా ఆ పరిచయమే. పరిచయం జరిగేది పండితుడి బోధతో కాదు, చావుతో. అంతా అయ్యాక అతను నేర్చుకున్నది చూస్తే అచ్చమైన ఇస్లాం: మధ్యవర్తి వద్దు, దేవుడు ఒక్కడే, నేరుగా ఆయన్నే అడుగు. వేదాంత గ్రంథం రాస్తే వంద పుటలు పట్టే సంగతిని ఆ మోటు మనిషి నోట్లో ఒక విసుగు మాటగా పెట్టారు.

ఈ కథ చదివాక "దిరిలిష్: ఎర్తుగ్రుల్" సీరియల్‌తో నాకున్న పేచీ ఏమిటో స్పష్టమైంది. 2014 నుంచి 2019 దాకా తుర్కీ ప్రభుత్వ చానెల్ టీఆర్టీలో వచ్చింది. 2020లో పాకిస్తాన్ ప్రభుత్వ టీవీ ఉర్దూలో వేస్తే ఉపఖండమంతా చూసింది. లాక్‌డౌన్‌లో నేనూ చూశాను, గుర్రాలు చాలా బాగున్నాయి. ఒట్టోమాన్ వంశకర్త ఉస్మాన్ తండ్రి ఎర్తుగ్రుల్ గురించి చరిత్రకి తెలిసింది అరచేతిలో పడుతుంది, కాబట్టి కల్పించుకోవడం తప్పు కాదు. ఎలా కల్పించారన్నదే పేచీ. ఆ సీరియల్లో కాయీ తెగ పుట్టుకతోనే పరిపూర్ణ ముస్లింలు. నాయకుడికి ఏ సందేహమూ రాదు. కష్టం వచ్చినప్పుడల్లా సాక్షాత్తూ ఇబ్న్ అరబీ ఎక్కడినుంచో నడిచొచ్చి ఒక ధర్మవాక్యం చెప్పి పోతాడు. దుమ్రుల్ లాంటివాడు ఆ గుడారాల్లో ఉంటే మొదటి ఎపిసోడ్‌లోనే విలన్ అయ్యేవాడు. తమ సొంత జానపదం ఇచ్చిన ఆ పొగరుని, ఆ హాస్యాన్ని, దేవుడితో పోట్లాడే చనువుని కడిగేసి, ఇస్త్రీ చేసిన భక్తిని మిగిల్చారు. కాష్‌గరీ 22 ఓగుజ్ తెగల పేర్లు, వాళ్ళు పశువులకి వేసే ముద్రల బొమ్మలతో సహా ఇచ్చాడు. సెల్జూక్ సుల్తానుల తెగ అని "కినిక్"ని మొదట పెట్టాడు, "కాయీ" రెండోది. ఆ ముద్ర సీరియల్లో జెండాలెక్కింది. పశువు తొడ మీద కాల్చే గుర్తు అది.

మనవాళ్ళు తీసిన "పద్మావత్" ఇదే పనిని తిరగేసి చేసింది. అక్కడ ఖిల్జీ పుట్టుకతోనే పరిపూర్ణ మృగం. కళ్ళకి కాటుక, చేతిలో మాంసం. రెండు చోట్లా తుర్కు ఎప్పటికీ మారని ఒకే వస్తువు.

ఇక "కుతద్గు బిలిగ్". నిజం చెప్పాలంటే 6,645 ద్విపదల ఈ కావ్యం ఏకబిగిన చదివేది కాదు. సభలో ఎలా కూచోవాలి, వంటవాడు ఎలాంటివాడై ఉండాలి, విందుకి ఎవర్ని పిలవాలి అంటూ నీతులు నీతులు నీతులు. మన నీతిశాస్త్రాలు చదివినవాళ్ళకి ఆ విసుగు పరిచయమే. 1069-70లో బాలాసాగూన్‌కి చెందిన యూసుఫ్ రాసి, కాష్‌గర్ ఖాన్‌కి సమర్పించి, "ఖాస్ హాజిబ్" పదవి పొందాడు. ఫిర్దౌసీ షాహ్‌నామా పూర్తిచేసి అప్పటికి 60 ఏళ్ళు. ఛందస్సు ఆ షాహ్‌నామాదే. కానీ భాష తుర్కీ, అరబ్బీ పారశీక పదాలు చాలా తక్కువ. దేవుడి పేరుతో మొదలవుతుంది, అయితే ఆ పేరు "బయత్" అనే తుర్కీ పేరు.

ఇక్కడ నాకు నన్నయ గుర్తురాక తప్పలేదు. రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరం ఏలింది అదే శతాబ్దంలో. గోదావరి ఒడ్డునా, కాష్‌గర్ కోటలోనూ దాదాపు ఒకే తరంలో ఒకే పని జరుగుతోంది. మహాభాష నీడలో ఉన్న ఒక దేశిభాష, ఆ మహాభాష ఛందస్సూ హంగూ తెచ్చుకుని సింహాసనం పక్కన పీట వేసుకుంటోంది. తేడా కూడా ఆసక్తిగానే ఉంది. నన్నయ తెలుగు భారతాన్ని సంస్కృత శ్లోకంతో మొదలుపెట్టాడు. యూసుఫ్ అరబిక్‌లో మొదలుపెట్టొచ్చు, పెట్టలేదు.

విసుగు పుట్టించే నీతుల మధ్య ఈ కావ్యంలో ఒక గొప్ప పాత్ర ఉంది. నాలుగు పాత్రలూ ప్రతీకలే: రాజు ఉదయభానుడు, అంటే న్యాయం. మంత్రి పూర్ణచంద్రుడు, అంటే అదృష్టం. అతను చనిపోతే అతని కొడుకు, అంటే బుద్ధి. నాలుగోవాడు ఓద్గుర్మిష్, "మేలుకున్నవాడు". కొండమీద ఒంటరిగా ఉండే విరాగి. రాజు కొలువుకి రమ్మని ఉత్తరాలు పంపుతాడు. వాడు రాడు. సమాజంలో ఉండి సేవ చేయడం గొప్పా, అన్నీ వదిలేసి దేవుడి ధ్యానంలో ఉండడం గొప్పా అని పెద్ద వాదన. కావ్యం లెక్క ప్రకారం గెలవాల్సింది రాజు పక్షమే, యూసుఫ్ ఉద్యోగం కూడా అదే. కానీ ఎప్పుడు ఓద్గుర్మిష్ నోరు తెరిచినా కవిత్వం వస్తుంది, మంత్రి నోరు తెరిస్తే సలహా వస్తుంది. ఒకసారి రాజుని చూసి వెళ్ళి, కొండమీదే చనిపోతాడు. అతని గిన్నె, చేతికర్ర మిగులుతాయి.

ఈ విరాగి సూఫీ అని కొందరు, బౌద్ధ భిక్షువు నీడ అని కొందరు పండితులు అంటారు. నాకు రెండూ కనిపిస్తాయి. "మేలుకున్నవాడు" అనే పేరే బుద్ధ శబ్దానికి ఎంత దగ్గరో చూడండి. అది యూసుఫ్ కావాలని పెట్టాడని రుజువు చేయలేం. కానీ పక్క లోయలో బౌద్ధ తుర్కులున్న కాలంలో, కొత్తగా ముస్లింలైన తుర్కు దర్బారులో కూచుని రాసిన కవికి, కొండమీద ఒంటరి మనిషి అనగానే ఏ రూపం కళ్ళముందుకొస్తుంది? ఈ కావ్యం ప్రతుల్లో ఒకటి, 1439లో హెరాత్‌లో రాసింది, ఉయిగుర్ లిపిలోనే ఉంది. ఆ బౌద్ధులు సూత్రాలు రాసుకున్న లిపి. కూల్చిన గుళ్ళు నిఘంటువులో ఉంటే, కూలని అక్షరాలు ఇక్కడున్నాయి.

డెవిన్ డివీజ్ అనే చరిత్రకారుడు 1994లో గోల్డెన్ హోర్డ్ ఇస్లాం మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఓజ్‌బెగ్ ఖాన్ దర్బారులో బాబా తుక్లేస్ అనే సాధువు నిప్పులు కక్కే పొయ్యిలోకి నడిచి, ఒళ్ళు కాలకుండా బయటికొచ్చి ఖాన్‌ని ముస్లింని చేసిన కథ చుట్టూ తిరుగుతుంది. "వీళ్ళది పైపూత ఇస్లాం, లోపల పాత నమ్మకాలే" అని గుడారాల మతాన్ని చులకన చేసే చరిత్రకారులతో ఆయన పోట్లాట. పాత మాటల్లో కొత్త మతాన్ని చెప్పుకోవడం నకిలీతనం కాదు, ఒక జనం మతాన్ని సొంతం చేసుకునే తీరే అది అంటాడు. మనకిది కొత్త చర్చేమీ కాదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పీరు ముందు నిప్పుల గుండం తొక్కేవాళ్ళది "అసలు" ఇస్లామా, "అసలు" హిందూమతమా అని అడిగేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. అఫ్సర్ ఆ ఊరి మీద రాసిన పుస్తకంలో జవాబులున్నాయి.

తెలుగు నేల కూడా ఈ కథలో ఒక కొస. 1323 తర్వాత, ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించి తురుష్కుల చీకటి కమ్మిందని విలస తామ్రశాసనం మొత్తుకుంది. అది నిజమైన దుఃఖం, దాన్ని సర్దిచెప్పనక్కర్లేదు. రెండు శతాబ్దాలు గడిచేసరికి, హమదాన్ నుంచి వచ్చిన కారా కోయున్లు తుర్కుమాన్ల బిడ్డ సుల్తాన్ కులీ గోలకొండలో రాజ్యం పెట్టాడు. అతని కొడుకు ఇబ్రహీం కుతుబ్‌షాకి అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు, తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముణ్ణి చేసుకున్నారు. చీకటి అన్నదీ ఈ తెలుగువాళ్ళే, భరాముడన్నదీ ఈ తెలుగువాళ్ళే.

కాష్‌గరీ సమాధి కాష్‌గర్ దగ్గర ఓపాల్‌లో ఉంది. ముందు పెద్ద విగ్రహం పెట్టారు, టికెట్టు కొని చూడొచ్చు. అదే షిన్‌జియాంగ్‌లో గత కొన్నేళ్ళలో ఎన్నో మసీదులు, మజార్లు నేలమట్టమయ్యాయి. ఇమామ్ ఆసిమ్ మజారు, ఎడారిలో ఉన్న ఓర్దమ్ పాద్‌షా మజారు పోయాయని ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. "ఓర్దమ్"లో ఉన్నది మనం మొదట చూసిన ఆ ఓర్దు మాటే. ఈ మజార్లన్నీ ఊరూరా తిరిగి, అక్కడ పాడే పాటలు, చెప్పే కథలు, కట్టే గుడ్డపేలికలు నమోదు చేసిన జానపద పరిశోధకురాలు రాహిలే దావుత్. షిన్‌జియాంగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. 2017 డిసెంబరులో కనిపించకుండా పోయింది. ఆమెకి యావజ్జీవ శిక్ష పడిందని ప్రపంచానికి తెలిసింది 2023లో.